మౌస్ కింద తోలు

మృదంగం గొంతు ఎవరో కోసేశారు.

గలీబు విప్పగానే శ్రీలలితకి కనిపించింది. ఎడమ మూత తోలు అంచు వెంబడే గుండ్రంగా తెగి ఉంది. ఎలక కొరికితే పంటి గాట్లుంటాయి. ఇది బ్లేడు పని. దొంగ అయితే మృదంగమే ఎత్తుకుపోతాడు. తోలు మాత్రం పట్టుకెళ్లే దొంగ విజయనగరంలో ఇంకా పుట్టలేదు.

సాయంత్రం ఊళ్లోని సంగీత సభలో కచేరీ. పాడేది పేరున్న గాయకుడు. మగగొంతు, తగ్గు శ్రుతి. దానికి ఈ పెద్ద మృదంగమే కావాలి. ఆమెకున్న రెండోది చిన్నది, ఆడవాళ్ల పాటకి సరిపోయేది. ఎంత దించినా ఆ శ్రుతికి రాదు. మగ గాయకుడి పక్కన ఒక ఆడపిల్లని మృదంగానికి పిలవడం ఆ సభలో ఇదే మొదలు. ఇవాళ కూర్చోకపోతే "అందుకే వీళ్లని పిలవం" అంటారు. మళ్లీ పిలవరు.

పక్క గదిలో మౌస్ నొక్కుతున్న చప్పుడు. ఆ వెంటనే తమ్ముడు ఉపేంద్ర గొంతు.

"ఛీ, దీని మొహం మండ! మళ్లీ గెంతింది."

శ్రీలలిత గుమ్మంలో నిలబడింది. ఉపేంద్ర ఇంటి నుంచే ఏదో కంపెనీకి ప్రకటనల బొమ్మలు చేసి పంపుతాడు. అద్దం బల్ల మీద కంప్యూటర్. మౌస్ కింద పూరీ పీటంత గుండ్రటి తోలు. మధ్యలో, వాయించేముందు అద్దే రవ్వముద్ద ఎండిపోయిన మరక.

"ఏట్రా అది?"

"మౌస్‌ప్యాడక్కా. అద్దం మీద మౌస్ నడవట్లేదు. తోలైతే మెత్తగా జారతాదని నెట్‌లో రాశారు."

"జారుతోందా?"

అతను ఆమె మొహం చూడలేదు. "ఎక్కడా! నిన్న బానే జారింది. ఇవాళ అప్పడంలా అంచులు లేచిపోయాయి. ఆ మరక మీదకి వస్తే బాణం గుర్తు ఈ మూలనుంచి ఆ మూలకి దూకేస్తున్నాది. రాసినవాడు దొరికితే..."

"వాడు రాసింది పదును చేసిన తోలు గురించిరా గాడిదా! ఇది పచ్చితోలు. లాగి బిగిస్తేనే చదునుగా ఉంటాది. కోసి పడేస్తే ముడుచుకోక ఏం చేస్తాది? నా మృదంగం కోశావు, అది నీకూ పనికి రాలేదు!"

మౌస్ తీసి గోడకేసి కొట్టింది. బ్యాటరీ మంచం కిందకి దొర్లింది.

"మనిషివేనా నువ్వు? దసరాకి ఆ తోలుకేగా బొట్టు పెడతావు! పండగ ఒకరోజు దండం, మిగతా రోజులు బ్లేడూనా?"

"నన్నంటావేటే? నాన్నే కోసుకోమన్నారు!"

కొట్టబోయిన ఆమె చెయ్యి గాల్లోనే ఆగింది.

"తోలుముక్క ఏదైనా ఉందా అని అడిగానంతే. ఆ పెద్దది చూపించారు. దానికి మగవాళ్ల పాట ఎవడిస్తాడు, కోసుకో అన్నారు. నాకేం తెలుసు?"

కచేరీ కోసం సభవాళ్లు చేసిన ఫోను ఎత్తి, ఆమె చేతికిచ్చింది తండ్రే.

శ్రీలలిత హాల్లోకి వచ్చింది. ఈ వేళకి తండ్రి అనంతపద్మనాభం గారు లుంగీతో కునుకు తీస్తూ ఉండాలి. ఇవాళ జరీ పంచె కట్టారు. విభూతి పెట్టారు. గుమ్మం పక్కన ఆయన సొంత మృదంగం, సంచీలో, ప్రయాణానికి సిద్ధంగా ఉంది.

తోలు అడిగింది తమ్ముడు. కోసింది తమ్ముడు. కోయించింది ఈయన.

"ఏవిటే ఆ కేకలు? వీధిలోకి వినిపిస్తున్నాయి."

"కోసుకోమన్నది మీరేనా?"

"పాత తోలే కదా. కొత్త మూత వేయించుకుందువులే."

"కొత్త మూత ఇవాళ వేస్తే ఇవాళే శ్రుతిలో పడుతుందా? నాకా చెబుతున్నారు?"

"అందుకే ఆలోచించాను. సభవాళ్ల మాట పోకూడదు. నీకు జ్వరమని చెప్పి నేను కూర్చుంటాలే."

"మిమ్మల్ని పిలవలేదనేగా ఇదంతా?"

"నోరు ముయ్యి!" ఆయన లేచారు. "ముప్ఫయ్యేళ్లు వాయించానే ఆ సభలో! నా చేతికింద నేర్చుకున్నదాన్ని పిలుస్తారా? పైగా 'ఒకసారి అమ్మాయికివ్వండి' అని నాకే ఫోన్ చేస్తారా? నేనేమన్నా గుమాస్తానా?"

"ఆ మాట నాతో అంటే నేనే వాళ్లతో దెబ్బలాడేదాన్ని. మీరు బ్లేడుతో చెప్పారు."

ఆమె వంగి ఆయన మృదంగాన్ని భుజానికి తగిలించుకుంది.

"దింపు! దాని మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వను."

"నాది మౌస్ కింద పడింది. మీది నా ఒళ్లో పడుతుంది."

ఆయన సంచీ పట్టీ అందుకున్నారు. ఆమె లాగింది. ఆయన వదల్లేదు. ఉపేంద్ర గదిలోంచి వచ్చి తండ్రి వేళ్లు ఒక్కొక్కటే విడదీశాడు.

"ఒరే! నువ్వూనా?"

శ్రీలలిత వెనక్కి చూడలేదు. మలుపులో ఆటో ఆపింది.

"ఏటమ్మా, అంత రుసరుసలాడతన్నారు?" అన్నాడు డ్రైవర్. "ఎవుల్ని కొట్టడానికి?"

"సభకి పోనియ్. తొందరగా."

దారిలో సభ కార్యదర్శి విశ్వనాథ్‌కి ఫోన్ చేసింది.

"అమ్మా, జ్వరం ఎలా ఉంది?" అన్నాడాయన. "మీ నాన్నగారు పొద్దున్నే చెప్పారు. ఆయన పేరే బోర్డు మీద రాయించాం."

"చెరిపించండి."

"అదెలాగమ్మా? పెద్దాయన. వస్తానన్నాక వద్దంటే బాగుంటుందా?"

"రానివ్వండి. ముందు వరసలో కుర్చీ వెయ్యండి," అంది శ్రీలలిత. "మా ఇంట్లో ఆ శ్రుతికి పలికే మృదంగం ఇంకొకటే మిగిలింది. అది నా దగ్గరుంది."