లేజరు తలలో గాజు బిళ్ళ

నేను ఒక గాజు బిళ్ళను. గాజువాక ఆటోనగర్‌లో ఇనప రేకులు కోసే లేజరు యంత్రం తలలో, ఒక చిన్న సొరుగులో నా కాపురం. వెంట్రుకంత సన్నని గాజు తీగలోంచి వచ్చే వెలుగు నాలోంచి దిగి బొటనవేలి మందం ఇనుమును కోసేస్తుంది. నాకేమీ అనిపించదు. కింద ఎగిరే నిప్పురవ్వలు పైనున్న ఖరీదైన లెన్సుకు తగలకుండా అడ్డుపడటం నా ఉద్యోగం. పాడైతే నన్ను పారేసి లెన్సును కాపాడుకుంటారు. బాధపడాల్సిందేమీ లేదు, నన్ను చేసిందే అందుకు.

నన్ను సానబెట్టిన చోట నామీద ఊపిరి తగిలినా ఒప్పుకునేవారు కాదు. మనుషులు ఎంత ధారాళంగా తుమ్ముతారో ఇక్కడికొచ్చాకే తెలిసింది. నా బాగోగులు ఆపరేటర్ తాతారావువి. అతను నడిపిన పాత లేజరు రెండు కిలోవాట్లది, చిన్నాచితకా దుమ్మును చూసీచూడనట్టు వదిలేసేదట. ఇప్పటిది పన్నెండు. నామీద నలుసు పడితే చాలు, వెలుగు అక్కడే చిక్కుకుని కాల్చేస్తుంది.

ఏటా ఆయుధపూజకు యంత్రాలన్నిటికీ బొట్టు పెట్టేది ఓనరు గోవిందు తల్లి కొండమ్మ. షెడ్డు కట్టిన పెద్దాయన, ఆమె భర్త, ఈ ఏడు వేసవిలోనే పోయాడు. అప్పటినుంచి ఆమె ఇటు రాలేదు. దసరానాడు వచ్చి గుమ్మం బయటే నిలబడింది. కోడలు పెడుతుందిలే అంది. వద్దని ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు. ఆమె ముఖం చూస్తే నాలాంటిదే అనిపించింది, ఏదొచ్చినా లోపల ఆగకుండా అటునుంచి అటే పోతోంది.

తాతారావు నన్ను తుడవడానికి లాగిన సొరుగు అలాగే వదిలేసి, కుంకుమ పళ్ళెం తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టాడు.

"పెద్దాయన ఉంటే మరొకర్ని పెట్టనిస్తారేటమ్మా? మీరే పెట్టండి."

ఆమె లోపలికొచ్చింది. మొదటి బొట్టు లేజరు తలకే పెట్టింది. వేళ్ళ సందునుంచి చిటికెడు కుంకుమ రాలి, తెరిచి ఉన్న సొరుగులో నామీద పడింది. ఆ సందడిలో ఎవరూ చూడలేదు. తాతారావు సొరుగు మూసి, శాస్త్రానికి ఒక రేకు కోయబోయాడు.

కుంకుమ మాడింది. నేను నల్లబడి పగిలాను, పైనున్న లెన్సూ కాలింది. యంత్రం ఆగిపోయింది. వెనకనుంచి గోవిందు మేనత్త, బొట్టు ఎవరిచేత పెట్టించారో చూడండి అని గొణిగింది. కొండమ్మ ఆ మాట విన్నది. పళ్ళెం కింద పెట్టేసి గుమ్మం వైపు తిరిగింది. ఆ గడప దాటితే ఆమె మళ్ళీ రాదని అక్కడ అందరికీ తెలుసు.

తాతారావు నన్ను బయటికి తీశాడు. నల్లమచ్చ అంచున ఇంకా ఎరుపుంది. దాన్ని బొటనవేలితో తుడిచేశాడు.

"నా ఏలు తగిలీసిందండి," అన్నాడు పైకి. "సెయ్యి తుడుసుకోకుండా ముట్టీసుకున్నాను."

గోవిందు చాలాసేపు తిట్టాడు. రేపట్నుంచి లేజరు జోలికి రావద్దని, వెనక షెడ్డులో గ్యాస్ కటింగుకు పొమ్మని చెప్పాడు. తాతారావు తలూపి నన్ను తుక్కు డబ్బాలో పడేశాడు.

గుమ్మం దగ్గర అడుగుల చప్పుడు ఆగి, వెనక్కి వచ్చింది. కొండమ్మ పళ్ళెం మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"ఇన్నేళ్ళ పనోడివి, సెయ్యి తుడుసుకోడానికి ఏటొచ్చిందిరా నీకు?" అని తాతారావును కసిరింది. "పై దసరాకి ముందు నీ సేతులు సూసి, అప్పుడే బొట్టెడతాను."

"అలాగేనమ్మా," అన్నాడు తాతారావు.