మా ఆవిడకి కొంచెం భయం

కృష్ణమోహన్ డెట్రాయిట్ ఎయిర్‌పోర్టులో ఒక విమాన కంపెనీకి ఇన్‌స్పెక్టరు. బయలుదేరబోయే విమానం చుట్టూ తిరిగి చక్రాలు, రెక్కలు, ఇంజన్లు బయటినుంచి పరీక్షించి, అతను సరేనంటేనే అది కదులుతుంది.

1984 ఫిబ్రవరిలో ఒక ఉదయం అతను భార్య ప్రమోదను తీసుకుని అదే కంపెనీ విమానంలో టెక్సాస్ బయలుదేరాడు. ప్రమోద చెల్లెలు విజయశ్రీ, ఆమె భర్త జగదీష్ అక్కడి ప్లేనోలో ఇల్లు కొనుక్కున్నారు. మర్నాడు గృహప్రవేశం. ఉద్యోగులకిచ్చే ఉచిత పాస్ మీద ప్రయాణం. సీట్లు మిగిలితేనే ఎక్కనిస్తారు. ఎవరైనా ఫిర్యాదు చేస్తే పాస్ రద్దయిపోతుంది. ట్రాయ్‌లో తమ ఇంటి నుంచి కార్‌లో వస్తున్నంతసేపూ అతను ప్రమోదకు ఇదే చెప్పాడు. మనం కంపెనీకి అతిథుల్లాంటివాళ్లం, ఏదీ అడగకూడదు, ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదు అని.

సీట్లు రెక్క పక్కనే దొరికాయి. ప్రమోద కిటికీ దగ్గర కూర్చుంది. బయట సన్నటి జల్లు పడుతోంది. కింద వాల్ట్ కనిపించాడు. కృష్ణమోహన్ ఉద్యోగంలో చేరిన కొత్తలో పక్కన నిలబెట్టుకుని పని నేర్పినవాడు వాల్టే. రెయిన్‌కోటు టోపీ ముఖం మీదికి లాక్కుని, రెక్క కిందనుంచి తలెత్తి చూసి, చకచకా తోక వైపు వెళ్లిపోయాడు. నిచ్చెన వేసుకోలేదు.

కృష్ణమోహన్ ప్రమోద మీదుగా వంగి రెక్క వైపు చూశాడు. పైన గీసిన నల్లగీత మసకగా, నీళ్లలో మునిగినట్టుంది. కానీ నీళ్లయితే జారిపోవాలి. నీళ్లు గడ్డకట్టేంత చల్లబడిన ఇంధనం రెక్కలో ఉంటే, పైన పడిన జల్లు పారదర్శకమైన మంచుపొరై అతుక్కుంటుంది. చేత్తో తడిమితే తప్ప తెలియదు. ఈ విమానానికి ఇంజన్లు వెనక ఉంటాయి. పైకి లేచేటప్పుడు రెక్క వంగి ఆ పొర పగిలితే, ముక్కలు నేరుగా ఇంజన్లలోకి పోతాయి.

అతను వెనక్కి వాలలేదు, ఆ గీతనే చూస్తున్నాడు.

"ఏమైంది?" అంది ప్రమోద.

"ఏం లేదు."

"ఏం లేకపోతే అలా చెమట పోస్తోందెందుకు?"

గొంతు తగ్గించి చెప్పాడు. ఆమె రెక్క వైపు చూసి, మళ్లీ అతని వైపు చూసింది.

"మరి వాళ్లకి చెప్పరేం?"

"అది ఐస్ అని నాకు మాత్రం గ్యారంటీగా ఎలా తెలుస్తుంది? వాల్ట్ చూసి ఓకే చేశాడు. పాస్ మీద వచ్చి నేను కంప్లెయింట్ చేస్తే ఆయన పరువేం కావాలి? మనల్ని దింపేస్తే రేపు అక్కడికి ఎలా వెళ్తాం?"

"ఇంతమంది కూర్చున్నారండీ ఇందులో," అంటూ ఆమె బటన్ నొక్కింది.

ఎయిర్ హోస్టెస్ వచ్చింది. ఏం కావాలని అడిగింది. ప్రమోద నోరు తెరిచేలోగా కృష్ణమోహన్ నవ్వుతూ, "ఏం లేదు, మా ఆవిడకి విమానమంటే కొంచెం భయం," అన్నాడు ఇంగ్లీషులో. ఎయిర్ హోస్టెస్ కూడా నవ్వి, ప్రమోద భుజం తట్టి, దుప్పటి ఇచ్చి వెళ్లింది.

ప్రమోద దుప్పటి ఒళ్లో పెట్టుకుని ముందుకు చూస్తూ ఉండిపోయింది. తలుపులు మూశారు. విమానం కదిలింది. ఇక అతను చెప్పడని ఆమెకు అర్థమైంది. బెల్టు తీసేసి లేచి నిలబడింది.

"కూర్చోండి మేడమ్," అని దూరం నుంచి ఎయిర్ హోస్టెస్ కేకేసింది.

"నా భర్త మీ కంపెనీలో ఇన్‌స్పెక్టరు," అంది ప్రమోద ఇంగ్లీషులో, మాట మాటకీ ఆగుతూ. "రెక్క మీద ఐస్ ఉందని ఆయనే చెప్పారు. భయం నాకు కాదు, ఆయనకి. పైలట్‌ని పిలిచేదాకా కూర్చోను."

చుట్టూ ఉన్నవాళ్లందరూ కృష్ణమోహన్‌ని చూశారు. అతను తల వంచుకున్నాడు.

విమానం ఆగింది. కెప్టెన్ వచ్చి కిటికీలోంచి రెక్కను చూశాడు. వెంటనే కాక్‌పిట్‌కి వెళ్లి విమానాన్ని గేటుకు మళ్లించాడు. ఈసారి వాల్ట్ నిచ్చెన వేసుకుని ఎక్కి, గ్లవ్ తీసి అరచేత్తో రెక్కను రుద్దాడు. దిగివచ్చి, ఐస్ ఉందని కెప్టెన్‌కి సైగ చేశాడు. వేడి ద్రవం కొట్టి, పొరంతా కరిగిపోయాక మళ్లీ మళ్లీ తడిమి చూశారు.

కెప్టెన్ కృష్ణమోహన్ దగ్గరకు వచ్చాడు. "మీరెప్పుడు గమనించారు?"

"కూర్చోగానే."

కెప్టెన్ అతన్ని ఇంకేమీ అడగలేదు. ప్రమోద వైపు తిరిగి థాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు. కసిరినా బాగుండేదని కృష్ణమోహన్‌కు అనిపించింది.

తలుపు మూసేముందు వాల్ట్ లోపలికి వచ్చాడు. "తప్పు నాదే. అది నేనే రిపోర్ట్ చేస్తాను," అన్నాడు. వెళ్లబోతూ, "కానీ నన్ను చూశావు కదా, మోహన్. కిటికీ మీద కొట్టినా తల ఎత్తేవాణ్ని," అన్నాడు. దారి పొడుగునా ప్రమోద కళ్లు మూసుకుని కూర్చుంది. ఆమె నిద్రపోవడం లేదని అతనికి తెలుసు.

ప్లేనోలో గృహప్రవేశం బాగా జరిగింది. ఆలస్యం ఎందుకైందో ప్రమోద చెల్లెలికి రెండు ముక్కల్లో చెప్పింది. విజయశ్రీ దాన్ని తనకు నచ్చినట్టు అర్థం చేసుకుంది. హాల్లో అందరి ముందూ, "మా బావగారు కిటికీలోంచి ఒక్క చూపు చూసి ప్లేన్ ఆపించేశారట," అంది. జగదీష్ ఫ్రెండ్సు వచ్చి చేతులు కలిపారు.

"ఆపింది నేను కాదండీ, ప్రమోద," అన్నాడు కృష్ణమోహన్. "నేను నోరు విప్పలేదు. ఆవిడకి భయమని అబద్ధం కూడా చెప్పాను."

అందరూ ఘొల్లున నవ్వారు. "బావగారు మరీ మోడెస్టండీ," అంది విజయశ్రీ. అతను మళ్లీ చెప్పబోయాడు. అప్పటికే వాళ్లు వేరే మాటల్లో పడ్డారు.

వంటింట్లో ప్రమోద ఒక్కతే పులిహోర కలుపుతోంది.

"అక్కడ నిజం చెప్పాను. ఎవరూ నమ్మలేదు," అన్నాడు.

"విన్నాను."

"నీకు భయమని అనకుండా ఉండాల్సింది."

ఆమె గరిటె పక్కన పెట్టింది. "అన్నందుకు కాదండీ. విమానంలో ఆ అమ్మాయితో కలిసి నన్ను చూసి నవ్వారు. ఐస్ ఉందని తెలిసి కూడా నవ్వగలిగారు."

ప్రమోద పులిహోర గిన్నె అతని చేతికిచ్చి, "పెద్దవాళ్లు ఆకలితో ఉన్నారు, వడ్డించండి," అంది. అతను హాల్లోకి వెళ్లాడు. ఒక పెద్దాయన పక్కకి జరిగి, "ఇలా మా మధ్యలో కూర్చోండి, ఇన్‌స్పెక్టరు గారూ," అన్నాడు. కృష్ణమోహన్ కూర్చోలేదు. వంగి, అందరికీ వడ్డిస్తూ పోయాడు.