ఆర్చీ మంచం

మెల్‌బోర్న్‌కి చాలా దూరాన, గోధుమ పొలాల మధ్య ఉన్న కుర్రాంగ్ ఆసుపత్రిని మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన ఊరి కుర్రాళ్ల జ్ఞాపకంగా కట్టారు. రాతి విగ్రహమైతే జ్వరమొచ్చినప్పుడు పనికిరాదని రైతులు మంచాలు వేయించారు. ఒక్కో మంచం తలాపున ఇత్తడి రేకు మీద ఒక్కో కుర్రాడి పేరు. ఏటా ఏప్రిల్‌లో, స్మారక దినాన, ఆ కుర్రాళ్ల ఇంటివాళ్లు తమ మంచం మీద జ్ఞాపకానికి గుర్తుగా రోజ్‌మేరీ రెమ్మ పెట్టి కాసేపు కూచుంటారు. ఐవీ ట్రెస్కాట్ ఏ మంచానికీ ఏమీ కాదు. ఆమె వచ్చినవాళ్లకి టీ పోస్తుంది.

చలికాలం వచ్చేసరికి మాత్రం ఐవీకి ఏదో ఒక జబ్బు పట్టుకునేది. గొడ్డలెత్తి కట్టెలు కొట్టే మనిషి ఆసుపత్రి గుమ్మం ఎక్కగానే నడుం నొప్పంటూ మూలిగేది. కిటికీ పక్క మంచమే కావాలనేది. దాని మీద ఆర్చీ పెటిఫర్ పేరుంది. నాలుగు రాత్రులు కంటినిండా నిద్రపోయి ఇంటికెళ్లేది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరికీ తెలియదనే అనుకునేది.

ఈ జూన్‌లో, అక్కడి చలికాలం మొదట్లోనే, నిజంగానే గుండెలో నొప్పి లేచింది. గుండె జబ్బంటే పట్నం పంపేస్తారు. అందుకే చెమటలు కారుతున్నా నవ్వుతూ వచ్చింది.

"ఏం లేదు మేట్రన్, కాస్త గ్యాసు. పడుకుంటే సర్దుకుంటుంది."

మేట్రన్, అంటే ఆసుపత్రి పెద్ద నర్సు, మార్జరీ ఆర్చీకి ఆఖరి చెల్లెలు. ఐవీ నాడి పట్టుకుని చూసింది.

"ఏటా ఏమీ లేకుండానే మూలుగుతావు. ఇవాళేమో ఏమీ లేదంటున్నావు. అంటే ఉందన్నమాట. అంబులెన్సుకి ఫోన్ చేస్తున్నా."

"పంపకు మార్జరీ! నాకా మంచం కావాలి. యుద్ధానికి ఓడెక్కే ముందు ఆర్చీ, నేనూ పెళ్లి మాట అనుకున్నాం. ఎవరికీ తెలీదు."

మార్జరీ ఫోన్ చేసి వచ్చి మెల్లగా అంది. "అందరికీ తెలుసు ఐవీ. మా అమ్మకీ తెలుసు. చలికాలంలో ఆ మంచం ఎవరు ఖాళీగా ఉంచుతున్నారనుకున్నావ్?"

"మరి ఒక్కరైనా అడగలేదేం?"

"నీ బాధ నీది. కెలకడం మర్యాద కాదనుకున్నాం."

ఆ ఊరివాళ్లు అంతే. పక్కిల్లు కాలుతున్నా తలుపు తట్టడానికి మొహమాటం, నీళ్ల బకెట్లు మాత్రం గుమ్మం ముందు పెట్టిపోతారు.

ఐవీ వెక్కి వెక్కి ఏడ్చింది. ఆర్చీ కోసం కాదు, ఆ ఏడుపు ఎప్పుడో అయిపోయింది. ఎన్ని ఏప్రిళ్లు, కెటిల్ పట్టుకుని, నువ్వూ వచ్చి కూచోమని ఎవరైనా అంటారేమోనని నిలబడిందో! అన్నీ తెలిసి కూడా ఒక్కరూ అనలేదు.

మార్జరీ ఆమెను కిటికీ పక్క మంచం మీద పడుకోబెట్టి, పక్కనే కూచుంది.

"ఇప్పుడు చెప్పు. మా అన్నయ్య నిన్ను పెళ్లికి ఎలా అడిగాడు?"

ఐవీ నోరు తెరిచింది. ఇన్నేళ్లూ ఎవరూ అడగని మాట, ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తోచలేదు. తోచేలోగా బయట అంబులెన్సు వచ్చి ఆగింది.