బీరతీగ కింది బండి

యుగేందర్‌కు జనగామలో నర్మెట్ట రోడ్డు మీద కాలిపోయిన మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం ఉంది. దుకాణం వెనక రేకుల షెడ్డు, అందులో నాలుగు పాత పికప్పు బండ్లు. అన్నీ అతను పుట్టకముందో, నిక్కరు వేసుకుని తిరిగేప్పుడో రోడ్డెక్కినవి. జీపు మొహాలు, గుండ్రటి లైట్లు, వెనక చెక్కపలకల ట్రాలీలు. మధ్యాహ్నం పని కాస్త సందు ఇస్తే చాలు, వెళ్లి వాటిలో ఏదో ఒకదాని స్టీరింగు ముందు కూర్చుంటాడు. ఎక్కడికీ పోడు. ఎండకు రేకు వేడెక్కి, పాత డీజిలూ రెగ్జినూ కలిసిన వాసన మెల్లగా లేస్తుంది. ఆ వాసనలో అతనికి కళ్లు వాలిపోతాయి. అన్నానికి పిలవాలంటే భార్య స్వప్న ముందు ఏ బండిలో ఉన్నాడో వెతుక్కోవాలి.

"ఇయ్యాల ఏ ఊరు వోయినవ్?" అని అడుగుతుంది.

"ఏటూరునాగారం దాక," అంటాడు, నిజంగా పోయి వచ్చినవాడిలా ఒళ్లు విరుచుకుంటూ.

ఈ పిచ్చి అతనొక్కడిదే కాదు. భూపాలపల్లిలో బొగ్గుగనిలో పనిచేసే దేవేందర్‌కు ఉంది. మానుకోటలో ఎరువుల దుకాణం నడిపే మధుకర్‌కు ఉంది. ఫోన్లో వీళ్లకో గ్రూపు. ఎక్కడ తుమ్మల్లో, ఏ పాడుబడ్డ రైసుమిల్లు గోడ పక్కన పాత బండి కనబడ్డా ఫొటో తీసి పెట్టుకుంటారు. ఆదివారం వస్తే అందరూ కలిసి దాన్ని చూడటానికి పోతారు. కొన్నా కొనకపోయినా చూడటమే పండగ.

ఆ ఏడు వానలు వెనకబట్టే రోజుల్లో దేవేందర్ ఒక ఫొటో పంపాడు. ముందు చూస్తే బీరతీగ తప్ప ఏమీ లేదు. ఆకులు, పసుపుపచ్చని పూలు, వేలాడే కాయలు. ఇంకొంచెం సేపు చూస్తే ఆకుల సందున ఒక లైటు, దాని కింద తుప్పు పట్టిన బంపరు. యుగేందర్ ఆ రాత్రి ఆ ఫొటోను ఎన్నిసార్లు తెరిచి చూశాడో లెక్కలేదు.

చిట్యాల నుంచి మొగుళ్లపల్లి పోయే తొవ్వలో, రోడ్డు పక్క చేను గట్టున ఉంది బండి. చేను బుచ్చవ్వది. ఆదివారం యుగేందర్, దేవేందర్ పోయేసరికి, పత్తిలో కలుపు తీస్తున్న మనిషి నడుం నిమురుకుంటూ లేచి వచ్చింది.

"అమ్ముతవా అవ్వా?" అని దేవేందర్ అడిగాడు.

"నాదైతే గదా అమ్మనీకి. అది నాది గాదు బిడ్డా."

గట్టు మీద కూలబడి ఆమే చెప్పింది. ఆమె బిడ్డ రాజీ చంటిపిల్లగా ఉన్నప్పటి సంగతి. ఈ బండి ఇక్కడికొచ్చి ఆగిపోయింది. నడిపేటాయన దిగి, "అక్కా, జర సూస్తుండు. హన్మకొండకు వోయి క్లచ్చు ప్లేటు తెచ్చుకుంట. రేపు పొద్దుగాల్ల వస్త," అని చెప్పి పోయాడు. పోయినవాడు మళ్లీ రాలేదు. పాత సామాన్లవాళ్లు వస్తే ఆమె తరిమింది. మరుదులు అమ్మేద్దామంటే పడనియ్యలేదు. ఎండకూ వానకూ కరాబ్ అవుతుందని ఏటేటా వానాకాలం దాని మీదికి తీగ పారించింది.

"పరాయోళ్ల సొమ్ము. సూస్తుండు అన్నడు, సూస్తున్న. గంతే," అంది.

మామూలుగా అయితే యుగేందర్ ఈపాటికి బానెట్ ఎత్తి, ఇనుమును అక్కడా ఇక్కడా కొట్టి చూసేవాడు. ఆ రోజు తీగను జాగ్రత్తగా పక్కకు జరిపి, తలుపు తీసి లోపల కూర్చున్నాడు. అద్దం మీద ఆకులు పరుచుకుని లోపలంతా పచ్చటి వెలుగు. నీళ్ల అడుగున కూర్చున్నట్టు ఉంది. పూల చుట్టూ తుమ్మెదల రొద. ఆ రొద కొంచెం కొంచెంగా ఇంజను చప్పుడయింది. బండి కదిలింది. ఎవరిదో పొలం, ఎవరిదో ఊరు, వాగు మీద వంతెన దాటి పోతూనే ఉంది. మెలకువ వచ్చేసరికి పొద్దు వాలింది. పక్క సీటు మీద కాల్చిన మక్కకంకి ఒకటి ఉంది. బయట దేవేందర్ పగలబడి నవ్వుతున్నాడు. బుచ్చవ్వ నవ్వలేదు.

"నా రాజీ గూడ పెండ్లయి వోయేదాక గట్లనే పండుకునేది," అంది.

యుగేందర్ దిగి, "ఆయన పేరు ఎరుకేనా అవ్వా?" అని అడిగాడు.

"రాంజీ. మానుకోట దిక్కు ఏదో తండా అన్నడు."

ఆ పేరు మధుకర్‌కు చేరింది. తండాల రైతులందరూ ఎరువులకు అతని దుకాణానికే వస్తారు కాబట్టి వెతకడం పెద్ద పని కాలేదు. యుగేందర్ వెళ్లేసరికి రాంజీ మిరప చేనుకు నీళ్లు కడుతున్నాడు. తెల్లటి గడ్డం, చెవులకు పోగులు. ఫోన్లో ఫొటో చూపిస్తే చేతులు పంచెకు తుడుచుకుని అందుకున్నాడు.

"ఇంక ఉన్నదా?" అన్నాడు ఫొటోను కళ్ల దగ్గరికి పట్టుకుని.

"ఉన్నది కాకా. మల్ల ఎందుకు వోలేవ్?"

"వోయిన తమ్మీ. ఇంట్ల నాయినకు పాణం బాగలేక జర ఆలస్యమైంది గని, ప్లేటు పట్టుకునే వోయిన." రాంజీ గట్టు మీద కూర్చున్నాడు. "ట్రాలీ కడ్డీలకు చీరెతోటి ఊయల గట్టి ఉండె. అండ్ల పిల్ల పండుకున్నది. అక్క దూరంగ పత్తి ఏరుతున్నది. పిల్ల లేసినంక తీద్దమని తొవ్వ పక్కన కూసున్న. గాలికి ఊయల ఊగుతనే ఉన్నది, పిల్ల లేస్తనే లేదు. సూసి సూసి, పండుకున్న పిల్ల కిందికెల్లి బండి గుంజుకపోబుద్ధి గాలే. రేపు వద్దామని ఎనుకకు వోయిన. మల్ల పోదమనుకున్నప్పుడల్ల గా పిల్లనే యాదికొచ్చేది. గట్లనే ఏండ్లు గడిచినయి."

ఇంకెవరైనా అయితే నవ్వేవాళ్లు. యుగేందర్‌కు నవ్వు రాలేదు. ఆ ఎండలో తొవ్వ పక్కన కూర్చుని ఊగుతున్న ఊయలను చూడటం ఎలా ఉంటుందో అతనికి తెలిసినట్టే అనిపించింది.

తర్వాతి ఆదివారం రాంజీని వెంటబెట్టుకుని పోయాడు. బుచ్చవ్వ చేతిలో కొడవలి అలాగే పట్టుకుని ఎదురొచ్చింది. మొహం చూసి గుర్తుపట్టింది.

"ఏమయ్యా, గిప్పుడు దొరికిందా నీ ప్లేటు?" అంది. "సుట్టాల పెండ్లికి వోయినా పొద్దుగూకకముందే ఉరికొస్తి. నీ బండిని ఎవడు ఎత్తుకపోతడో అని వాన రాత్రులు నిద్ర వోకపోతి. ఒక్క మాట జెప్పి పోతే ఏం వోయింది నీకు?"

రాంజీ తల వంచుకున్నాడు. "పిల్ల పండుకోని ఉండె అక్కా."

"లేపద్దా మరి!"

అరిచింది కానీ, అరిచాక ఆ మాటకు తనకే నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతో పాటు కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. కొడవలి కింద పెట్టి కూర్చుంది.

"బండి నీదే అక్కా," అన్నాడు రాంజీ.

"నాకెందుకు? నడుపొస్తదా నాకు?" ఆమె యుగేందర్ వైపు తిరిగింది. "నువ్వు తీస్కపో కొడుకా. నీకు దీంట్ల నిద్ర వడ్తది. గని తీగ ఎండనియ్. ఇంక కాయ ఉన్నది."

అలా ఆదివారాలు గడిచాయి. తీగకు దెబ్బ తగలకుండా బండి కింద దూరి క్లచ్చు బిగించారు. ట్యాంకు కడిగారు, టైర్లు మార్చారు. రాంజీ మానుకోట నుంచి బస్సెక్కి వచ్చి, ఏ నట్టు ఎటు తిరుగుతుందో వేళ్లతోనే గుర్తు తెచ్చుకునేవాడు. యుగేందర్‌కు తొందర పోయింది. ఇంతకుముందు ఏ బండి దొరికినా నెల తిరక్కుండా రంగు వేయించి, మెరిపించి గ్రూపులో ఫొటో పెట్టేవాడు. ఇప్పుడు మధ్యాహ్నాలు ఆ పచ్చటి వెలుగులో పానా ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చునేవాడు. ఆకులు పండుబారుతుంటే లోపలి వెలుగూ వారం వారం పసుపుబారింది.

చివరికి తీగ ఎండింది. బుచ్చవ్వే కోసి, చుట్టచుట్టి పక్కన వేసింది. కింద బండి నీలం రంగు వెలిసిపోయి, వాన కడిగిన పొద్దుటి ఆకాశంలా ఉంది. రాంజీ తాళం తిప్పాడు. రెండుసార్లు దగ్గి, మూడోసారి నల్లటి పొగ కక్కి ఇంజను అందుకుంది. చేనులోని కొంగలు ఒక్కసారిగా లేచిపోయాయి.

"నేను గూడ వస్త, మొగుళ్లపల్లి దాక," అంది బుచ్చవ్వ. ఇన్నేళ్లూ ఎండకు దాని నీడన కూర్చుంది, వానకు దానిలో దాక్కుంది. అది కదులుతుండగా మాత్రం ఎన్నడూ ఎక్కలేదు.

ఆమె ముందు కూర్చుంది. యుగేందర్ వెనక ట్రాలీలో నిలబడి కడ్డీ పట్టుకున్నాడు. బండి గట్టు దిగి రోడ్డెక్కింది. మనిషి పరుగెత్తితే అందేటంత నిదానంగా పోతోంది. బుచ్చవ్వ కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూసింది.

"నా చేను గింత సిన్నగున్నదా!" అంది ఆశ్చర్యంగా. "నడుం వంచి కలుపు తీస్తుంటె ఎంతకూ ఒడవదు గదా."

పత్తి చేలు తెల్లగా విచ్చుకుని రెండు వైపులా జారిపోతున్నాయి. గాలికి ఆమె కొంగు కిటికీ బయట ఎగురుతోంది. ఎదురొచ్చిన ట్రాక్టరువాళ్లు ఆపి చూశారు. ఆమె ఎవరినీ పలకరించలేదు. కళ్లు సగం మూసుకుని, సీటుకు వెనక్కి వాలి కూర్చుంది.

మొగుళ్లపల్లిలో దిగింది. హోటల్లో వేడివేడి మిర్చిబజ్జీలు కొని, ఒక పొట్లం కిటికీలోంచి రాంజీ ఒళ్లో వేసి, ఇంకోటి ట్రాలీలోకి అందించింది. తలుపు మీద అరచేత్తో ఒకసారి తట్టి, తిరుగు ఆటోలో ఊరి ఆడవాళ్ల మధ్య సర్దుకుని కూర్చుంది. ఆటో కదలకముందే వాళ్లతో మాటల్లో పడిపోయింది. వెనక్కి తిరగలేదు.

రాంజీ బండిని జనగామ వైపు, పరకాల తొవ్వ పట్టించాడు. యుగేందర్ ట్రాలీలో వెల్లకిలా పడుకుని ఒక బజ్జీ నోట్లో వేసుకున్నాడు. వెనక బైకు మీద వస్తున్న దేవేందర్ ఏదో అరుస్తూ చెయ్యి ఊపుతున్నాడు. ఇంజను చప్పుడులో ఎవరికీ ఏమీ వినబడలేదు.