పోస్టుమాస్టారి జాబితా

పోస్టుమాస్టారు టీ కప్పు మీద సాసరు మూతపెట్టి, తెర మీద తిరిగొచ్చిన ఉత్తరాల చిట్టాను వేలితో ఒక్కో వరుసా చూసుకుంటూ వస్తున్నాడు. నిజానికి ఆయనకీ పోస్టాఫీసుకీ ఏ సంబంధమూ లేదు. ఊళ్లోని పెద్దాసుపత్రి మెయిలు సర్వరును ఇరవై ఆరేళ్లుగా కనిపెట్టుకుని ఉన్నందుకు అందరూ పెట్టిన పేరది. జారిపోయే కళ్లద్దాలు, మోచేతుల దగ్గర పల్చబడ్డ నీలం స్వెటరు. ఏసీ గది కాబట్టి ఎండాకాలంలోనూ అదే వేషం. ఈ సాయంత్రంతో రిటైరవుతున్నాడు.

ఇంట్లో ఎవరు తలుపు తట్టినా "ఎవరూ?" అని రెండుసార్లు అడిగి, కిటికీలోంచి చూస్తేగానీ గడియ తీయడు. "నేనేనండీ బాబూ, కూరల సంచీతో చచ్చిపోతున్నాను!" అని భార్య మొత్తుకున్నా అంతే.

ఆ జబ్బు ఉద్యోగంలోనే అంటుకుంది. చేరిన కొత్తలో ఆ సర్వరు ఒక ధర్మసత్రం. ఎక్కడివాడైనా దాని గుండా ఎవరికైనా ఉత్తరాలు పంపుకోవచ్చు. ఒకరోజు ఎవడో బరువు తగ్గే మాత్రల ప్రకటనలు లక్షల్లో తోలాడు. దాంతో లోకంలోని సర్వర్లన్నీ ఆసుపత్రిని వెలివేశాయి. వారం పాటు డాక్టర్లు రాసిన ఉత్తరం ఒక్కటీ ఎవరికీ చేరలేదు. ఆ వారం ఆయనకు అన్నం సహించలేదు.

తర్వాత గట్టిగా తలుపు బిగించాడు. ఆసుపత్రి ఉత్తరాలు ఏ చోటినుంచి బయల్దేరతాయో లోకానికి చాటాడు. బయటికి వెళ్లే ప్రతి ఉత్తరం మీదా సర్వరు చేత ముద్ర వేయించాడు. లోపలి యంత్రం దేన్నైనా సర్వరు వాడుకోనివ్వాలంటే ముందు స్వయంగా వెళ్లి చూసేవాడు. నోటుబుక్కులో గది నంబరు రాసి, పక్కన పెన్సిలుతో "చూశాను" అని పెట్టేవాడు. నిన్న ఆఖరి మేకు కూడా కొట్టి, లోకంలోని సర్వర్లన్నిటికీ చెప్పాడు: మా పేరుతో, మా ముద్ర లేకుండా, మేం చెప్పని చోటినుంచి ఏ ఉత్తరం వచ్చినా పారేయండి.

ఆయన వేలు ఆగింది. పదకొండు ఉత్తరాలు తిరిగొచ్చాయి. అన్నీ ల్యాబు రిపోర్టులే.

అంతలో ఆయన స్థానంలోకి వస్తున్న ఉద్యోగిని తలుపు తోసుకుని వచ్చింది. "మాస్టారూ, కౌంటరు దగ్గర ఒక వడ్రంగి నిన్నటినుంచీ కూర్చున్నాడట. వాళ్లావిడకి వేరే ఊళ్లో ఆపరేషను. ఇక్కడి రిపోర్టు మెయిల్లో చేరితేగానీ మొదలుపెట్టరట. నిన్నటి రూలు తీసేద్దామా?"

"తీస్తే దొంగలు కూడా దూరతారమ్మా. పద, ల్యాబు యంత్రాన్ని చూసొద్దాం."

నోటుబుక్కులో ఉన్న గదికి వెళ్తే అక్కడ కుర్చీలు పేర్చి ఉన్నాయి. పోయిన నెలలోనే ల్యాబును వెనక భవనంలోకి మార్చారట. అక్కడి ఇంటర్నెట్టు వేరు. యంత్రం సర్వరు ఊసే లేకుండా రిపోర్టులను నేరుగా బయటికి పంపేస్తోంది. నిన్నటిదాకా చెల్లింది.

"తప్పు నాదే. ఒకసారి చూస్తే చాలనుకున్నాను," అన్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

యంత్రాన్ని సర్వరు దారికి మళ్లించి, పదకొండు రిపోర్టులూ మళ్లీ పంపించాడు. కౌంటరు దగ్గర నిలబడి, వడ్రంగికి అవతలినుంచి ఫోను వచ్చేదాకా కదల్లేదు. "అందిందటండీ! లోపలికి తీసుకెళ్తున్నారట!" అంటూ వడ్రంగి ఆయన చేతులు రెండూ పట్టుకున్నాడు. పోస్టుమాస్టారికి కడుపు నిండిపోయింది.

సాయంత్రం ఆయన పనుల జాబితాలో చివరిది మిగిలింది. ఉద్యోగం మానేసినవాళ్ల పేరు సర్వరులోంచి తీసేయడం. తన పేరు తనే తీసేసి, నోటుబుక్కులోనూ కొట్టేశాడు. తర్వాత గుర్తొచ్చింది, అందరికీ వీడ్కోలు ఉత్తరం రాసి పెట్టుకున్నానని. పంపే మీట నొక్కాడు.

సర్వరు ఒప్పుకోలేదు. పంపేవారెవరో తెలియదంది.

పోస్టుమాస్టారు కళ్లద్దాలు తీసి, కళ్లు తుడుచుకుంటూ పగలబడి నవ్వాడు.

"ఒక్క నిమిషం ఉండండి మాస్టారూ, మీకోసం తెరుస్తాను," అంది పక్కనే ఉన్న కొత్త ఉద్యోగిని.

"ఎవరికోసమూ తెరవొద్దు. ఉత్తరంలో ఏముందో నువ్వే చెప్పేయి. అందరినీ కులాసాగా ఉండమన్నానని."

స్వెటరు భుజాన వేసుకుని, ఇంటికి తీసుకెళ్లాల్సిన కూరల చీటీ జేబులో తడుముకుంటూ వెళ్లిపోయాడు.

ఆమె ఆయన కుర్చీ దాకా వెళ్లి చూసి, పెన్సిలు తీసుకుంది. బల్ల మీద నోటుబుక్కు తెరిచే ఉంది. కొట్టేసిన ఆయన పేరు పక్కన ఆమె చేతిరాత: "ఖాళీ. చూశాను."