కింది మూల

పొయ్యి వెలిగించాలి. జిగురుకు పిండి ఉండ కట్టకుండా ఉడికించి చల్లార్చాలి. నార గుడ్డ తడిపి, గోడకు నిలబెట్టిన పెద్ద బల్ల మీద ముడత లేకుండా లాగి మేకులు కొట్టాలి. తొట్టిలో నీళ్లు మార్చాలి. నిన్నటి కుంచెలు సబ్బుతో కడిగి తలకిందులుగా వేలాడదీయాలి. ఆపైన, వెర్దియే గారు పారిస్‌లోని మెనిల్‌మోంతాన్ పేటలో కూలగొడుతున్న ఇంటి గోడ నుంచి పెకలించి తెచ్చిన పోస్టర్ల దిమ్మను పొర పొరగా విడదీయాలి.

లూసెట్ ఈ పనులేవీ కాగితం మీద రాసుకోదు. ఏప్రాన్ నాడాలు వెనక్కి తిప్పి ముందు ముడి వేసుకునే లోపల అన్నీ వరసగా గుర్తుకొస్తాయి. పొట్టి మనిషి. అందని చోట అందుకోవడానికి ఒక చెక్క పెట్టె పెట్టుకుంది. దాన్ని కాలితో తోసుకుంటూ బల్ల పొడవునా తిరుగుతుంది. పొద్దస్తమానం తడిలో నాని ఆమె వేళ్లు తెల్లబడి, కణుపుల దగ్గర ఉబ్బి ఉంటాయి. గోళ్ల చివర ఎండిన జిగురు ఎంత కడిగినా పోదు. ఈ మధ్య పెట్టె ఎక్కితే ఆయాసం వస్తోంది. ఎక్కి, కుంచె సరిచూసుకుంటున్నట్టు కాసేపు నిలబడుతుంది. ఆ నిలబడడం ఎందుకో ఆమె దగ్గర పని నేర్చుకున్న ఫెర్నాన్‌కు తెలుసు. తెలియనట్టే ఉంటాడు.

వడ్రంగుల పెరట్లో, పాలిష్ వాసన మధ్య ఉన్న ఆ గదిలో పని చేసేది వాళ్లిద్దరే. పాత వాల్‌పోస్టర్లను కడిగి, గుడ్డ మీద అతికి, చిరుగులు పూడ్చి, మళ్లీ గోడకెక్కేలా చేస్తారు. యజమాని వెర్దియే గారికి నది అవతల దుకాణం ఉంది. అక్కడ ఆ పోస్టర్లు చట్రాల్లో వెలుగుతుంటాయి. లూసెట్ ఆ దుకాణానికి ఎప్పుడో ఒకసారి వెళ్లింది. తను అతికిన వాటిని గుర్తుపట్టలేకపోయింది. గుర్తుపట్టలేకపోతేనే పని బాగా కుదిరినట్టు.

వెర్దియే గారు గొడుగు దులుపుకుంటూ లోపలికి వచ్చారు.

"మదామ్ లూసెట్, ఈ దిమ్మ ఇవాళ తేలాలి. అడుగు పోస్టర్ కొంటానన్న పళ్ల డాక్టరు శుక్రవారం వస్తానన్నాడు. లేదంటే నా పళ్లు పీకేస్తాడు."

"పీకనివ్వండి మెస్యు. ఆ వెనక పన్ను ఎలాగూ పుచ్చిందంటున్నారుగా."

ఫెర్నాన్ తొట్టి మీదకి వంగి నవ్వు దాచుకున్నాడు. వెర్దియే గారు దవడ తడుముకుంటూ వెళ్లిపోయారు.

వేడి నీటి గుడ్డలు కప్పగా దిమ్మ మెత్తబడింది. పైన ఎన్నికల కాగితాలు, వాటి కింద సర్కస్ సింహం, సింహం కింద బూట్ల పాలిష్. పొరల్ని గరిటె లాంటి సన్నని బద్దతో లేపుతూ, ఒక్కొక్కటే తడి బట్టలా జారుతుంటే ఇద్దరూ చెరో కొసా పట్టుకుని పక్కన వేశారు. అన్నిటికన్నా అడుగున, గోడను అంటుకుని, అసలుది కనిపించింది. కోకో పొడి ప్రకటన. పచ్చ గొడుగు పట్టుకున్న అమ్మాయి పిల్లికి కప్పు అందిస్తోంది. పిల్లి మొహం తిప్పుకుంది.

"పిల్లి నీలాగే ఉంది లూసెట్ అమ్మా," అన్నాడు ఫెర్నాన్. "ఏదిచ్చినా మూతి తిప్పుతుంది."

"కోకోలో నీళ్లెక్కువైతే ఎవరైనా తిప్పుతారు. పట్టుకో, బోర్లా వేద్దాం."

బోర్లా వేసిన పోస్టర్ వీపంతా పాత జిగురు, సున్నం పెళ్లలు. లూసెట్ స్పంజితో తడుపుతూ, బద్దతో గీకుతూ పై నుంచి కిందికి దిగింది. కింది మూలకు వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది.

అక్కడ జిగురు మందంగా, అరచేయంత మేర, అర్ధచంద్రంలా మెత్తి ఉంది. అది కుంచెతో పూసింది కాదు. బొటనవేలితో రుద్దింది. దాని మధ్యలో చిన్న నల్లని మేకు తలలాంటిది. లూసెట్ వంగి వాసన చూసింది. తర్వాత కళ్లు మూసుకుంది.

లవంగం.

ఆమె తండ్రి అనతోల్ ఈ ఊరి గోడలకు పోస్టర్లు అంటించేవాడు. భుజాన నిచ్చెన, మెడలో సంచి, చేతిలో బకెట్టు. జిగురు కాచేది మాత్రం ఇంట్లో, వంట పొయ్యి మీద, అమ్మ. ఎండాకాలంలో పులిసిపోకుండా అందులో లవంగాలు వేసేది. ఇరుగింటి వాళ్లు, "ఏమమ్మా, మీ ఆయన గోడలకు పూసేది జిగురా, పంది మాంసం పులుసా?" అని వేళాకోళం చేసేవాళ్లు. పారిస్‌లో ఇంకెవరి పెళ్లామూ జిగురులో లవంగాలు వేసేది కాదు. గాలి మొదట లేపేది కింది మూలనే అని, అక్కడ మాత్రం నాన్న బొటనవేలితో ఇంకొంచెం రాసి నొక్కేవాడు. ఆ బొటనవేలు ఆదివారాలు కూడా లవంగం వాసనే వేసేది. దాంతో లూసెట్ ముక్కు నొక్కేవాడు.

నాన్న నిచ్చెన మీంచి పడి చనిపోయాడు. ఫోటో ఒక్కటీ లేదు. అద్దెకు తీసుకున్న సమాధి గడువు డబ్బు కట్టి పొడిగించడం అమ్మ వల్ల కాలేదు. ఎముకలు తీసి అందరి ఎముకలతో కలిపేశారు. పూలు పట్టుకెళ్తే ఎక్కడ పెట్టాలో లూసెట్‌కు ఇన్నేళ్లూ తెలియలేదు.

పట్టకారుతో లవంగాన్ని తీయబోయింది. తాకగానే విడిపోయింది. లవంగం ఆకారంలో మిగిలిన మెత్తని పొడి అది. ఉన్నచోట ఉంటే ఉన్నట్టు, తీస్తే లేనట్టు.

"ఫెర్నాన్, సందు చివర కొట్టు నుంచి సున్నం రాయి కావాలి. వెళ్లొస్తావా?"

"ఉందిగా, అలమారాలో."

"ఇంకా కావాలి."

అతను ఆమె మొహం వైపు చూశాడు. కోటు తగిలించుకుని వెళ్లాడు.

గుడ్డకూ కాగితానికీ మధ్య మన జిగురు తప్ప మరేదీ ఉండకూడదు. ఫెర్నాన్ పనిలో చేరిన కొత్తలో ఆ మాట అతని బుర్రకెక్కించింది లూసెటే. ఒక ఇసుక రేణువు మిగిల్చాడని, ఆరిపోయిన పోస్టర్‌ను మళ్లీ తొట్టిలో నానబెట్టించి మొత్తం ఊడదీయించింది. పాత జిగురు తడి తగిలితే కాగితం ముందు వైపుకు ఊరుతుంది. మరక పడుతుంది. తన చేతి కింద నుంచి మరకతో ఒక్క కాగితమూ బయటికి పోలేదు. ఎవరూ చూడని ఆ శుభ్రత తప్ప తనకంటూ చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు.

స్పంజి పిండింది. మూల మీద పెట్టింది. తీసింది. మళ్లీ పెట్టబోయి, నీళ్లలో పడేసింది.

అంచుల చుట్టూ మాత్రం గీకి, ఆ అర్ధచంద్రాన్ని అలాగే ఉంచింది. ఫెర్నాన్ తిరిగొచ్చేసరికి గుడ్డ మీద తెల్ల కాగితం పరిచి, దాని మీద జిగురు పూస్తోంది.

"గదిలో పంది మాంసం పులుసు వాసన వస్తోందేంటి?" అన్నాడు అతను.

"నీకు ఆకలేస్తోంది."

ఇద్దరూ పోస్టర్ ఎత్తి బల్లకు ఆనించారు. లూసెట్ పెట్టె ఎక్కి, నడిమి నుంచి అంచులకు కుంచెతో నిమిరింది. చివరికి దిగి, మోకాళ్ల మీద కూర్చుని, కింది మూలను బొటనవేలితో నొక్కింది. కుంచెతో కాదు. నొక్కి, కాసేపు అలాగే ఉంచింది.

మధ్యాహ్నం ఉడికించిన పప్పు తింటూ, ఎన్నడూ చెప్పని కబురు చెప్పింది. అమ్మ, జిగురు కుండలో లవంగాలు, ఇరుగింటి వాళ్ల వేళాకోళం. ఫెర్నాన్ బ్రెడ్డుతో గిన్నె తుడుస్తూ పగలబడి నవ్వాడు. "మరి మీ నాన్న వెనకాల కుక్కలు పడేవా?"

"పడేవి. అందుకే నిచ్చెన దిగేవాడు కాదు," అంది. ఆమె కూడా నవ్వింది. నవ్వేసరికి దగ్గొచ్చింది. ఫెర్నాన్ నీళ్లందించాడు.

సాయంత్రం ఏప్రాన్ మడిచింది. వాడిన కుంచె కడిగి మేకుకు తగిలించింది. తలుపు దగ్గర ఆగి బల్ల వైపు చూసి, "కిటికీ తెరవకు, తొందరగా ఆరితే బిగుసుకుపోతుంది," అంది. రోజూ చెప్పే మాటే. "రేపు కలుద్దాం" అన్నది కూడా రోజూ అనే మాటే.

మర్నాడు ఆమె రాలేదు. మధ్యాహ్నం ఆమె ఉండే బిల్డింగ్ కాపలా మనిషి, మదామ్ పిన్‌షోన్, ఫోన్ చేసింది. లూసెట్ కుర్చీలో కూర్చునే పోయిందట. కోటు ఇంకా విప్పలేదట. ఒక బూటు విప్పి, రెండోది విప్పబోతున్నట్టు ఉందట.

శుక్రవారం ఫెర్నాన్ ఒక్కడే పోస్టర్‌ను బల్ల నుంచి కోసి దించాడు. ఆమె నేర్పినట్టే అరచేత్తో అంగుళం అంగుళం తడిమి చూశాడు. అంతా అద్దంలా ఉంది. కింది మూలకు వచ్చేసరికి చేతికి ఏదో తగిలింది. లైటు దగ్గరికి లాగాడు. పిల్లి తోక పక్కన, లేత టీ రంగులో, నెలవంకలాంటి మరక. వంగి వాసన చూశాడు. లవంగం. మళ్లీ నానబెట్టి ఊడదీయడానికి తొట్టిలో నీళ్లు సిద్ధంగానే ఉన్నాయి.

వెర్దియే గారు కళ్లద్దాలు పైకి తోసుకుని వంగారు. "ఏమిటిది? ఈ మూల?"

"కాగితం వయసు మెస్యు," అన్నాడు ఫెర్నాన్. "అది పోదు."

"లూసెట్ పోగొట్టేది."

"లేదు మెస్యు. ఆవిడ కూడా పోగొట్టేది కాదు."

సాయంత్రం తొట్టి నీళ్లు అతనే పారబోశాడు. పళ్ల డాక్టరు ఆ పోస్టర్‌ను తన గదిలో, రోగులు వంతు కోసం కూర్చునే బెంచీ ఎదుట తగిలించుకున్నాడు.

దవడ పట్టుకుని ఎప్పుడైనా మీరు అక్కడ కూర్చోవలసి వస్తే, గొడుగు అమ్మాయిని, మూతి తిప్పిన పిల్లిని ఎలాగూ చూస్తారు. ఆ కింది మూల కూడా ఒకసారి చూసి లూసెట్‌ను తలుచుకోండి. బొటనవేలంత వెడల్పున, టీ రంగులో, అది ఇంకా అక్కడే ఉంది.