కడగని గుండిగ

సబ్బు మావయ్య అంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉడకబెట్టి ఉడకబెట్టి రిటైరైన మనిషి. బయటి తిండి వల్లే భార్య పోయిందని ఆయన గట్టి నమ్మకం. అప్పట్నుంచీ చేతికి దొరికిన వస్తువునల్లా కడగాల్సిందే. ఆఖరికి ఇంటి తాళంచెవులకు కూడా వారానికోసారి స్నానం. ఆ ఇంట్లో కడగనిది ఒక్కటే ఉంది, దాని మాట తండ్రీకూతుళ్లు ఎత్తరు.

అలాంటివాడి కూతురు ఎవరి మీద మనసు పడిందయ్యా అంటే, పాత సత్రం నడిపే కుర్రాడి మీద! పూర్వపు బాటసారుల్లా కట్టెల పొయ్యి మీద మీ చేత్తో మీరే వండుకుని, అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తినండి అని జనాన్ని పిలిచే సత్రం అది. ఆ ఆదివారం బయటివాళ్లను రానివ్వకుండా, కాబోయే వియ్యంకుడి కోసమే పొయ్యి వెలిగించారు.

"నీకు దండం పెడతా నాన్నా, ముఖం చిట్లించకు. వాళ్లమ్మ వద్దంటే అతను ఈ పెళ్లి చేసుకోడు. నీ వల్ల చెడితే నేను తట్టుకోలేను" అంది కూతురు గుమ్మంలోనే.

"నేనేమన్నా చంటిపిల్లాణ్ణా?" అన్నాడాయన, జేబులో సబ్బుబిళ్ల తడుముకుంటూ.

లోపల గోడలకు మసి, దూలాలకు మసి, కూర్చోమన్న పీటకు జిడ్డు. పొయ్యిగట్టు మీద పిల్లి, దాని తోక పక్కనే మూత లేని పిండి. కుర్రాడి తల్లి, అంటే సత్రం ఆవిడ, పిల్లి వీపు నిమురుతున్నదల్లా లేచి, "రండి అన్నయ్యగారూ! ఇక్కడ చుట్టాలైనా సరే వండాల్సిందే" అంటూ అదే చేత్తో పిండిముద్ద తీసి ఆయన చేతుల్లో పెట్టింది. తర్వాత పెనం కాలిందో లేదో చూడటానికి దాని మీద తుపుక్కున ఉమ్మింది. చుయ్యిమంది. "కాలింది" అంది తృప్తిగా.

ఛీఛీఛీ! మావయ్యకు డోకొచ్చినంత పనైంది. కూతురు కాలు తొక్కేసరికి పళ్లికిలించాడు.

అసలు సంగతి పొయ్యి మీద గొలుసుకు వేలాడుతోంది. పెద్ద ఇనప గుండిగ. అంచు చుట్టూ నల్లటి జిడ్డు వేలెడు మందాన పేరుకుంది. లోపల ఎముకలూ దుంపలూ ఏవేవో కలిసి బుడగలేస్తున్నాయి. ఆవిడ గరిటెతో తీసి చప్పరించి, ఆ గరిటెనే మళ్లీ లోపల ముంచింది.

"దీన్ని తోమేదెప్పుడమ్మా?" అన్నాడు.

"తోమడమా! అసలు ఖాళీయే చెయ్యం అన్నయ్యగారూ. రోజూ అడుగున కాస్త ఉంచి, దాని మీదే కొత్త నీళ్లు పోస్తాం. ఇవాళ మొదటి గిన్నె మీకే" అని నవ్వి, కట్టెలు కొట్టి తేవడానికి కొడుకునీ కాబోయే కోడలినీ వెంటబెట్టుకుని పెరట్లోకి వెళ్లింది. మంట చూస్తుండమని ఆయనకు విసనకర్ర ఇచ్చి మరీ వెళ్లింది.

ఆయన మంట చూడలేదు, గుండిగనే చూశాడు. ఎన్నాళ్ల ఎంగిలో! ఎందరి నోళ్లలోనో తిరిగొచ్చిన గరిటె! ఆ ఎంగిలే తన పిల్ల జీవితాంతం తినాలి. పాపం ఆడమనిషి, బరువు దించలేక తోమలేదేమో, మనం ఓ చెయ్యేస్తే సంతోషిస్తుంది అని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. అంతే, గరిటెతో తోడి తోడి పులుసంతా తూములో పోశాడు. గుండిగ దించి, బూడిదా గడ్డీ వేసి, పైన తన సబ్బు కూడా రుద్ది, ముఖం కనిపించేలా తోమాడు. చెప్పొద్దూ, వచ్చాక ఆయన మనస్ఫూర్తిగా నవ్వింది అప్పుడే.

కట్టెల మోపుతో వచ్చిన సత్రం ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. మోపు జారి కింద పడింది.

"ఎంత పని చేశారండీ" అంది. ఆ 'అన్నయ్యగారూ' ఎటుపోయిందో మరి.

కుర్రాడే చెప్పాడు. "నాన్న పోయిన రోజు పొద్దున కూడా ఇందులో ఆయనే వండారు మావయ్యగారూ. ఆ పులుసు అడుగున ఉంచి, దాని మీదే వండుతూ వచ్చింది అమ్మ. ఎంత పలచనైనా ఆయన చేతి వంట ఇందులో ఉందని..."

కూతురు అరుస్తుందనుకున్నాడు మావయ్య. అరిచినా బాగుండేది.

"బీరువాలో అమ్మ తువ్వాలుంది కదా నాన్నా" అంది మెల్లగా. "దాన్ని ఎవరైనా సబ్బు పెట్టి ఉతికేస్తే?"

తన చేతుల్లోంచి వస్తున్న సబ్బు వాసనకు ఆయనకు తొలిసారి రోత పుట్టింది. పిల్లి కంటే, ఉమ్మి కంటే, ఆ జిడ్డు కంటే తానే అసహ్యంగా కనిపించాడు తనకు.

"నన్ను క్షమించమ్మా. పిల్ల మీద మాత్రం కోపం పెట్టుకోకు" అన్నాడు.

ఆవిడ గుండిగను గొలుసుకు తగిలించింది. "ఒలకబోసింది మీరు. నింపండి" అంది.

నింపాడు. నీళ్లు పోశాడు, దుంపలు తరిగాడు, పొగకు కళ్లు మండినా ఊదాడు. ఉడికాక ఆవిడ గరిటెతో తీసి చప్పరించింది. ఆ గరిటెనే మళ్లీ ముంచి ఆయన ముందుకు చాచింది. కూతురు ఊపిరి బిగబట్టింది. ఆయన కళ్లు మూసుకుని మింగాడు.

"ఎలా ఉంది?"

"శుభ్రంగా ఉందమ్మా" అన్నాడు. జీవితమంతా ఆయన ఏ వస్తువునైనా మెచ్చుకున్న మాట అదే. "శుభ్రంగా ఉంది. ఏ రుచీ లేదు." అని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

నలుగురూ అదే తిన్నారు. వడ్డిస్తున్న మావయ్య గుండిగ అడుగు తగలబోతుండగా గరిటె ఆపి, మిగిలిన పులుసు మీద మూత పెట్టాడు.

"పొద్దున్నే రండి అన్నయ్యగారూ" అంది సత్రం ఆవిడ. "దాని మీద నీళ్లు పోద్దురుగాని."